పల్లినూనెలో దోసెడు నువ్వులు

సోమక్క మీద సర్కారు మోపిన నేరం ఏమిటంటే, చౌక నూనెలో ఖరీదైన నూనె కలిపిందని. పల్లినూనెలో నువ్వుల నూనె. కల్తీ అంటే పాలలో నీళ్లు, కారంలో ఇటుక పొడి అనుకునే జనం ఈ సంగతి విని మొదట నవ్వారు. చట్టం నవ్వలేదు. ఆ నేరానికి ఆర్నెల్లకు తక్కువ కాకుండా ఖైదు అని రాసి పెట్టుకుని కూర్చుంది.

ఖిలా వరంగల్‌లో మట్టికోట దర్వాజ దాటి ఎడమచేతి సందులోకి తిరిగితే సోమక్క గానుగ. మామ పెట్టిన గానుగ. మామ తర్వాత మగడు పోశయ్య నడిపాడు. పోశయ్య కామెర్లతో పోయాక లైసెన్సు తన పేర మార్పించుకుని సోమక్క నడిపింది. తోడుకు ఆడబిడ్డ యాకమ్మ, కళ్లకు గంతలు కట్టిన ఒక ఎద్దు. స్టేషన్ రోడ్డు మీద కరెంటు మిల్లు వచ్చాక చాలామంది గానుగలు ఎత్తేశారు. ఈమె ఎత్తేయలేదు. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు, ఒక్కోసారి రఘునాథపల్లి నుంచి కూడా, పల్లీలు నెత్తిన పెట్టుకుని బస్సు దిగి ఇక్కడికే వచ్చేవారు. ఎదురుగా కూర్చుని, తమ పల్లీలు తమ కళ్ల ముందే ఆడించుకుని, నూనె డబ్బాలో పోయించుకుని పోయేవారు. పల్లీలు తేలేనివాళ్లకు సోమక్కే ఆడి అమ్మేది.

ఆ గానుగలో ఒక అలవాటుండేది. రోట్లో పల్లీలు పోశాక, ఎద్దును అదిలించే ముందు, వాయకు దోసెడు నువ్వులు చల్లాలి. అలా తీసిన నూనె వానాకాలం దాటినా ముక్క వాసన రాదు. నువ్వులు వేయని పల్లినూనె శ్రావణం ముసురు పట్టేసరికి ఖరాబై, మూత తీస్తేనే తెలిసిపోయేది. ఇది గానుగాడే గాండ్లోళ్ల రహస్యమేమీ కాదు. కోట లోపల కోడళ్లందరికీ తెలుసు. నువ్వులు వెయ్యడం మరిస్తే వాళ్లే గుర్తుచేసేవారు. నువ్వులకు పైసలు వేరే తీసుకునేది కాదు సోమక్క.

1979 ఎండాకాలంలో ఒక పొద్దున సందు మొగదల జీపు ఆగింది. ఆహార కల్తీల ఇన్‌స్పెక్టరు మల్లికార్జున్ దిగాడు. ఆ నెల నమూనాల లెక్క ఇంకా పూర్తి కాలేదు. స్టేషన్ రోడ్డు మిల్లులో ఒకటి తీసుకునే వచ్చాడు. అక్కడ గేటు, గేటు దగ్గర మనిషి, లోపల ఆఫీసు, ఆఫీసులో ఫ్యాను, సేటు లక్ష్మీనారాయణ ఇప్పించిన చల్లటి షర్బతు. ఇక్కడ గేటు లేదు. సోమక్కే ఎదురొచ్చింది.

"నీడకు రాండ్రి సారూ. యాకమ్మా, సారుకు నీళ్లియ్యి."

"నూనె నమూనా కావాలమ్మా. అమ్మకానికి పెట్టిన పల్లినూనె."

"నమూనా ఎందుకు సారూ, డబ్బానే తీస్కపోండ్రి. జర నాలిక మీద ఏసుకొని చూడుండ్రి. శీతకాలం దాక దాసుకున్నా గిదే రుచి. దోసెడు నువ్వులేస్త గద."

ఇన్‌స్పెక్టరు కలం ఆగింది. "ఏమేస్తవ్?"

"నువ్వులు."

"పల్లినూనెల్నా?"

"నువ్వుల నూనెల నువ్వులు అందరేస్తరు సారూ," అన్నది యాకమ్మ నీళ్ల చెంబు అందిస్తూ. "మా వదినె గొప్పేందో మరి ఎట్ల తెలువాలె?"

ఆయన గబగబా రాసుకోవడం మొదలుపెట్టాడు. రోకలి కిర్రుమని తిరుగుతున్న చప్పుడులో తన మాట సరిగ్గా వినపడలేదేమో అనుకుంది సోమక్క. ఎద్దును ఆపింది. దగ్గరికొచ్చి, ఆయన రాసుకోవడానికి వీలుగా, బడిలో పంతులు ఒత్తులు చెప్పినట్టు చెప్పింది.

"వాయకు దోసెడు. మా మామ కాలం సంది ఏస్తానం. రాసుకున్నరా సారూ? మర్చిపోకుండ్రి. చానమందికి తెల్వదు."

రాసుకున్నాడు. కింద ఆమె వేలిముద్ర వేయించుకున్నాడు. నూనె మూడు సీసాల్లో పోసి, లక్కతో సీళ్లు వేసి, డ్రైవరు చేత కాయితం మీద సంతకం పెట్టించి, జీపెక్కాడు. ఆ రోజంతా సోమక్క సంబరంగా ఉంది. ఇన్నేళ్లకు సర్కారోడు ఒకడు వచ్చి తన పని సంగతి అడిగి, కాయితం మీద పెట్టుకుని పోయాడు.

వానలు పడ్డాక కోర్టు నోటీసు వచ్చింది. దానితోపాటు ప్రయోగశాల రిపోర్టు నకలు. హన్మకొండలో వకీలు కిషన్ రావు చదివి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"పల్లినూనెల నువ్వుల నూనె ఉన్నదట సోమక్కా. కల్తీ అని రాసిండ్రు."

"నువ్వులుంటె కల్తీ ఎట్లయితది?"

"పల్లినూనె అంటే పల్లినూనే ఉండాలె. ఇంకొకటి ఏది కలిసినా కల్తే. అది మంచిదా చెడ్డదా అని చట్టం అడగది."

ఆయన చెడ్డవాడు కాదు. తప్పించుకునే దారి కూడా చూపించాడు. "ఒక్క మాట చెప్పు చాలు. ముందురోజు నువ్వులు ఆడినం, రోలు సక్కగ కడగలేదు, అండ్లది ఇండ్ల గలిసింది. అంతే. ఇన్‌స్పెక్టరు రాసుకున్న కాయితం నాకిడిసిపెట్టు. సదువు రాని ఆడమనిషి, అర్థంకాక వేలిముద్ర ఏసిందని నేనంట."

"అర్థమయ్యే ఏసిన. మూడుసార్లు చెప్పి ఏసిన."

"జర నా మాట వినవే అక్కా. రోలు కడుగుడు మర్చిపోయిన అను."

"మీ ఇంట్ల తిన్న పళ్లెం కడగకుండ మళ్ల అన్నం పెడతరా వకీలు సాబూ?"

"మా ఇంటి పళ్లెం సంగతి ఇక్కడెందుకు?"

"నా రోలు సంగతి అక్కడెందుకు మరి?"

అక్కడి నుంచి ఆమె ఇంటికి పోలేదు. నోటీసు కొంగున ముడేసుకుని, యాకమ్మను వెంటబెట్టుకుని, నూనెను కల్తీ అన్న ఆ ప్రయోగశాల ఎక్కడుందో అడుగుతూ పోయింది. దారిలో ఒక దుకాణంలో మిల్లు పల్లినూనె చిన్న డబ్బా కొన్నది. వకీలుకు చూపిద్దామని ఇంటి నుంచి తెచ్చిన తన నూనె చెంబు ఎలాగూ యాకమ్మ చేతిలో ఉంది.

ప్రయోగశాల అంటే ఒక కిరాయి బంగళా. మధ్యాహ్నం అన్నాల వేళ. పెద్దాఫీసరు రాజేశ్వర్ రావు ఇంటికి పోయాడు. లోపల శారద ఒక్కతే ఉంది. హన్మకొండ చౌరస్తాలో కిరాణా దుకాణం వాళ్ల బిడ్డ, రసాయన శాస్త్రం పెద్ద చదువు చదివి ఈ కొలువులో చేరింది. సోమక్క నూనెను పరీక్ష చేసింది ఆమే.

"నువ్వేనా బిడ్డా నా నూనెను కల్తీ అన్నది?"

కేసులో ఉన్న మనిషితో మాట్లాడకూడదని శారదకు తెలుసు. బయటికి పంపేసినా అడిగేవాడు లేడు. కానీ చెంబు నూనె ఆమె ముందు పెట్టి సోమక్క ఒకటే మాటన్నది: "నా ముంగట చెయ్యి. నేను చూస్త."

శారద చేసింది. గాజు గొట్టంలో కొంచెం నూనె, అంతే కొలతలో ఘాటైన ఆమ్లం, దాని మీద ఇంకో మందు రెండు చుక్కలు. మూతపెట్టి కుదిపి, నిలబెట్టింది. కాసేపటికి నూనె పైకి తేలింది. అడుగున ఆమ్లం గులాబీ రంగు తిరిగి, చూస్తుండగానే ఎర్రబడింది.

"నువ్వులుంటెనే ఈ రంగొస్తది పెద్దమ్మా," అన్నది శారద.

సోమక్క గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూసింది. మొహం విప్పారింది. "నువ్వులున్నయి గద, రంగు రావాలె. రాకుంటె నీ మందే ఖరాబైందన్నట్టు. చూసినవానె యాకమ్మా, దోసెడు నువ్వులు ఎట్ల పట్టుకున్నదో!"

"నీ దొంగతనం పట్టుకున్నదని సంబరపడుతానవ్ వదినె, నీయంత పిచ్చిది లేదు," అన్నది యాకమ్మ.

తర్వాత మిల్లు నూనె. ఎర్రరంగు రాలేదు. ఆమ్లత్వం చూసింది, లెక్కకు లోబడే ఉంది. ఇంకో రెండు పరీక్షలూ చేసింది. అన్నింట్లో పాసు. సోమక్క వేలు ముంచి వాసన చూసింది. ఏ వాసనా లేదు. పల్లీల వాసన కూడా లేదు.

"దీనికి వాసనేమాయె?"

శారద దాచకుండా చెప్పింది. బూజుపట్టిన పల్లీలైనా, ఏడాది కింద ముక్కిపోయిన నూనెయినా, కాస్టిక్ సోడాతో కడిగి, మట్టితో వడగట్టి, ఆవిరి పట్టిస్తే ఇట్లా తేటగా వస్తుంది. ఆ చాకిరేవులో నూనెను కాపాడేవి కూడా చాలావరకు కొట్టుకుపోతాయి. పరీక్షలో మాత్రం తప్పు దొరకదు.

"సోడానా? బట్టల కేసేదా?"

"అసొంటిదే."

"అది మంచిది, నాది కల్తీ."

 శారద అక్కడితో ఆగితే బాగుండేదేమో. తనను తాను ఆపుకోలేక, ఇంకో సంగతి చెప్పింది. ఈ ఎర్రరంగు పరీక్ష అసలు ఎక్కువగా వాడేది నెయ్యి కోసం. వనస్పతి ఫ్యాక్టరీలన్నీ తమ సరుకులో ఇంత నువ్వుల నూనె కలిపి తీరాలని సర్కారు కట్టడి చేసింది. నెయ్యిలో ఎవరైనా వనస్పతి కలిపితే ఈ రంగుతో దొరికిపోవాలని.

సోమక్క ఒక్కో వేలు మడిచి లెక్క చెప్పింది.

"అంటే వాళ్లు నువ్వులు కలపకపోతె నేరం. నేను కలిపితె నేరం."

"అంతే."

"ఎవడు రాసిండే బిడ్డా గిది?"

కోపం ఆ రోజు మొదలైంది. అప్పటిదాకా ఉన్నది భయం, అయోమయం. జైలు భయం ఆ తర్వాత కూడా ఉంది. కానీ ఊళ్లో పిల్లలు అప్పటికే 'కల్తీ సోమక్క' అని పాట కట్టారు. ఆ పాట విన్నప్పుడల్లా జైలు చిన్నదైపోయేది. ఆమెకు కావలసింది ఒక్కటే. కల్తీ అన్న నోటితోనే తన నూనె మంచిదని అనాలి.

శారద చేయగలిగింది శారద చేసింది. నువ్వులు వేసి తీసిన నూనె, వేయకుండా తీసిన నూనె రెండూ సోమక్క దగ్గర తెప్పించుకుంది. రెండు సీసాలూ, నూనె తొందరగా చెడేలా, వేడి అల్మారాలో పెట్టి, వారం వారం తీసి, గాలి తగిలి ఏది ఎంత చెడిందో లెక్కగట్టింది. నువ్వుల్లో ఉండే ఒక పదార్థం నూనె చెడకుండా అడ్డుపడుతుందని ఆమె చదువుకున్నదే. లెక్క అదే చెప్పింది. నువ్వులు లేని సీసా ముందు కంపు కొట్టింది. రెండోది చాలాకాలం నిలిచింది. ఈ లెక్కను ఇదివరకు పంపిన రిపోర్టుకు జతచేస్తానని రాజేశ్వర్ రావు ముందు పెట్టింది.

ఆయన పూర్తిగా చదివాడు. తప్పులేదన్నాడు. తర్వాత వెనక్కి ఇచ్చేశాడు.

"కోర్టు మనల్ని ఏమడిగిందమ్మా?"

"కల్తీ ఉందా లేదా అని."

"నూనె ఎన్నాళ్లు నిలువుంటదని అడిగిందా?"

"లేదు సార్."

"అడగందానికి జవాబు చెప్పుడు మనకెందుకు? రేపు ప్రతి దుకాణపోడు నాది మంచి కల్తీ అంటడు."

ఆయన మాటలో కొంత న్యాయం లేకపోలేదు. అందుకే అది మరీ ఒళ్లు మండించే మాట.

1981లో మేజిస్ట్రేటు కోర్టులో విచారణ జరిగింది. కిషన్ రావు పిలిపిస్తే శారద సాక్ష్యానికి వచ్చింది. పై ఆఫీసరు కళ్లెర్రజేస్తాడని తెలిసే వచ్చింది. వేడి అల్మారా, రెండు సీసాలు, వారం వారం లెక్కలు చెప్పడం మొదలుపెట్టింది. సర్కారు వకీలు చెయ్యెత్తి ఆపాడు.

"ఆ నమూనాలో నువ్వుల నూనె ఉందా, లేదా?"

"ఉంది. కానీ..."

"ఉంది అన్నారు. చాలు."

మేజిస్ట్రేటు రాసుకున్నాడు. 'కానీ' తర్వాత శారద చెప్పబోయింది ఆ కోర్టు కాయితాల్లో ఎక్కడా లేదు. తర్వాత సోమక్కను అడిగాడు, రోలు కడగడంలో ఏమైనా పొరపాటు జరిగిందా అని. అవునంటే చాలు, కిషన్ రావు నేర్పిన జవాబు అదే. ఆయన కుర్చీలో ముందుకు వంగి ఆమె వైపే చూస్తున్నాడు.

"కడగని రోట్ల నేను నూనె తియ్య దొరా. నువ్వులు నేనే ఏసిన. మంచిగుండాల్నని ఏసిన."

కిషన్ రావు తల పట్టుకున్నాడు. కోర్టులో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆర్నెల్ల ఖైదు, జుర్మానా. పై కోర్టుకు అప్పీలు వేసి, జామీను మీద ఆమెను ఆ సాయంత్రమే ఇంటికి తెచ్చారు.

జామీను దొరికింది కానీ, అప్పీలు తేలేదాకా నువ్వుల మీద చెయ్యి వేస్తే తానే కేసు వదిలేస్తానని బెదిరించాడు కిషన్ రావు. అప్పటినుంచి వట్టి పల్లీలే. మరుసటి వానాకాలం ముసురు పట్టేసరికి నూనె ముక్క వాసన పట్టింది. మడికొండ నుంచి ఒకామె డబ్బా మోసుకొచ్చి గానుగ ముందు దించింది.

"ఇదేం నూనె సోమక్కా? మా అత్త కూర నోట్ల పెట్టి ఉమ్మేసింది."

"నువ్వులు లెవ్వు అండ్ల."

"ఎందుకెయ్యలే? పిసినారి దానివైతానవా?"

"ఏస్తె జైలంటాన్రే తల్లీ!"

మడికొండామెకు ఇదంతా అర్థం కాలేదు. ఎవరికి మాత్రం అర్థమవుతుంది? నువ్వులు వేసిందని సర్కారు పట్టుకుంది, వేయలేదని జనం తిట్టిపోశారు. ఒక్కొక్కరే రావడం తగ్గించారు. నువ్వుల నూనె ఒక్కటే ఆడించి అమ్మితే ఏ చట్టమూ అడ్డురాదు. కానీ పల్లినూనెకే చెయ్యి ఆడని ఇళ్లవాళ్లు నువ్వుల నూనె ఎక్కడ కొంటారు? అందరూ స్టేషన్ రోడ్డు డబ్బాకు అలవాటు పడ్డారు. మిల్లు లక్ష్మీనారాయణ ఏ తప్పూ చేయలేదు. ఎవరికీ లంచం ఇవ్వలేదు. కడిగిన నూనె అమ్ముకోవడం చట్టబద్ధమే. ఈ కథలో తప్పుపట్టి తిట్టడానికి ఒక దుర్మార్గుడు కూడా దొరకడు. అందరూ నియమం ప్రకారమే నడుచుకున్నారు, గానుగ మాత్రం వారంలో సగం రోజులు ఆగిపోయింది.

అప్పీలు 1984లో విచారణకు వచ్చింది. సోమక్క, యాకమ్మ పొద్దున్నే చేరుకుని కోర్టు గోడ పక్కన కూర్చున్నారు. శారద కూడా ఒక పూట సెలవు పెట్టి వచ్చింది.

"జైలుకే పంపితె నీకు సద్ది ఎవలు తెస్తరు వదినె?" అన్నది యాకమ్మ, నవ్వించాలని.

"నువ్వే తేవాలె. మిల్లు నూనెతోటి వండినవనుకో, అక్కడ్నే నీ నెత్తిన కుమ్మరిస్త."

పిలుపు వచ్చింది. లోపల జడ్జి తీర్పును ఇంగ్లీషులో గొణిగినట్టు చదివాడు. అది కాగితం తిరగేసినంత సేపే పట్టింది. కిషన్ రావు మొహం వెలిగిపోయింది. ఆయన వెనక్కి తిరిగి, "కొట్టేసిండ్రు! కేసు కొట్టేసిండ్రు సోమక్కా!" అన్నాడు.

"నూనె మంచిదన్నడా?"

"నమూనా తీసినప్పుడు బయటి మనిషి సాక్షిగ ఉండాలె. ఇన్‌స్పెక్టరు తన జీపు డ్రైవరుతోటే సంతకం పెట్టించుకున్నడు. అది చెల్లదన్నరు. నువ్విగ నిర్దోషివి."

"నూనె సంగతి ఏమన్నడు?"

"నూనె దాకా పోనేలేదు. అవసరం పడలే. దండం పెట్టి నడువు."

అయిదేళ్లు. శారద సీసాలు, వేడి అల్మారా, ఆమ్లంలో తేలిన ఎర్రరంగు, మడికొండామె ఉమ్మేసిన కూర. వీటిలో ఒక్కదాని దాకా కూడా పోనక్కరలేకుండా, ఒక డ్రైవరు సంతకంతో తీర్పు అయిపోయింది. శారద తలదించుకుంది. సోమక్క దండం పెట్టలేదు. బోను కట్టె పట్టుకుని అక్కడే నిలబడింది.

"దొరా," అన్నది పెద్దగా. "నా నూనె మంచిదా, కాదా?"

జడ్జి తలెత్తాడు. "నీ కేసు అయిపోయిందమ్మా. నిన్ను విడుదల చేశాం."

"నన్నిడిసినవ్. నా నూనె సంగతి చెప్పు. ఆ సారు సంతకం తప్పు పెట్టిచ్చిండని ఇడిస్తె, సక్కగ పెట్టిచ్చినట్టయితె నేను దొంగనేనా?"

"సోమక్కా, వద్దే," అన్నాడు కిషన్ రావు ఆమె చెయ్యి పట్టుకుని. "గెలిచినం. గెలిచినంక కొట్లాడుతరా?"

"దీని మీద ఇంకో అప్పీలు ఎయ్యి వకీలు సాబూ."

"గెలిచిన తీర్పు మీద అప్పీలెక్కడిదే!"

జడ్జి తర్వాతి కేసు పిలవమన్నాడు. బంట్రోతు పిలిచాడు. భూమి తగాదాలో అన్నదమ్ములు ఇద్దరు లోపలికొచ్చి, బోను దగ్గర ఈమె ఇంకా నిలబడి ఉండటం చూసి ఆగిపోయారు. సోమక్క కదల్లేదు. జడ్జి కనుసైగ చేస్తే జవాను వచ్చి మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఎక్కడికి తీస్కపోతానవ్ రా? జైలుకా?"

"కాదమ్మా. ఇంటికి పో."

"నేను పోను. చెప్పేదాంక పోను."

జవాను గట్టిగా లాగలేదు, వదల్లేదు. ఒక్కో అడుగూ నడిపించుకుంటూ గుమ్మం దాకా తెచ్చాడు. వెనకనుంచి అన్నదమ్ముల వకీలు భూమి హద్దులు చదవడం మొదలుపెట్టాడు. గడప మీద సోమక్క రెండు చేతులూ తలుపుకు అడ్డంపెట్టి, లోపలికి తిరిగి, అదే ప్రశ్న మళ్లీ అడిగింది.